ఇంటికో నంబరు

ఏప్రిల్ 4, ఆదివారం

పంపేశాను. ఇక వెనక్కి తీసుకునేది లేదు.

బాపు స్నానానికి పోయాడు. ఫోన్ కిటికీ దగ్గర ఛార్జింగ్‌లో ఉంది. మా కులం వాళ్ల సమాజం వాట్సాప్ గ్రూపు తెరిచి, బాపు నంబరు మీంచే రాశాను: 'ఈ గ్రూపులో ఇంటికి ఒక్క నంబరే ఎందుకు? ఇంట్లో ఒక్కరికే నోరు ఉంటుందా? ఆడవాళ్ల నంబర్లు కూడా చేర్చాలి. అడ్మిన్ ఎవరుండాలో అందరం ఓటు వేసి తేల్చుకోవాలి.' చివర మూడు ఆశ్చర్యార్థకాలు పెట్టి, రెండు తీసేశాను.

ఇక్కడ సూరత్‌లో, ఖటోదరా మిల్లుల దగ్గర యూనియన్ వాళ్లు పంచిన చిన్న పుస్తకంలోని మాటలు కూడా కలుపుదామనుకున్నాను గానీ వీళ్లకు ఎక్కవు. ఇంటర్నెట్ సంగతులు తేల్చడానికి ప్రపంచంలో ఒక బల్ల ఉందట. చుట్టూ ప్రభుత్వాలకు కుర్చీలు, కంపెనీలకు కుర్చీలు, తీగలు వేసే ఇంజినీర్లకు కుర్చీలు. పొద్దస్తమానం దాన్ని వాడుకునే మనకు గోడ పక్కన నిలబడే చోటు. అది చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. అక్కడి బల్ల దాకా నేను పోలేను. లింబాయత్‌లో మా సందుకు ఈ గ్రూపనే బల్ల ఒకటి ఉంది, దీని దగ్గరైనా కూర్చోనివ్వాలి కదా!

బాపు తల తుడుచుకుంటూ వచ్చేసరికి గ్రూపు అంటుకుపోయింది.

"నర్సింగన్నా, ఫోన్ ఎవల చేతిల ఉన్నది? చీర గిట్ల కట్టుకున్నవా ఏంది?" అని ఒకడు. వాడి వెనుక పళ్లికిలించే బొమ్మల వరస. ఆ తర్వాత కులపెద్ద ముత్యం పెద్దబాపు గొంతు, రికార్డు చేసి పంపింది. ఆయనే అడ్మిన్. "నర్సింగం, కులం కూడుడంటే ఇంటికో మనిషి. మా తాత కాడికెల్లి గంతే. ఫోన్లు వచ్చినయని తాతలు మారుతరా?" దాని కిందే రాత: 'ఆడవాళ్ల నంబర్లు వద్దు. ఇట్లు సమాజం.'

బాపు ఆ గొంతు రెండుసార్లు విన్నాడు. తిడతాడనుకున్నాను.

"నా పేరు మీద ఎందుకు రాసినవ్ బిడ్డా? నీ పేరు మీద రాయకపోయినవా?"

"నా పేరు అండ్ల లేదు గద బాపూ! గదే గద లొల్లి!"

నవ్వాడు. "అయితే కరెక్టే రాసినవ్" అని సాంచాల పాళీకి పోయాడు, మరమగ్గాలు నడిపే పని ఆయనది.

ఏప్రిల్ 7

ఎవడో 'రేపటి నుంచి లాక్‌డౌన్, రైళ్లు బంద్' అని గ్రూపులో పడేశాడు. నిరుటి భయం ఇంకా ఒంట్లోనే ఉంది. జనం సంచులు మూటలు కట్టి స్టేషన్‌కు పరుగెత్తారు. అక్కడ లాఠీలు. సాయంత్రానికి ముత్యం పెద్దబాపును పోలీసు చౌకీకి పిలిపించారు.

రాత్రికి గ్రూపు బంద్. అడ్మిన్ మాత్రమే రాయవచ్చు.

ఒక మూర్ఖుడి కోసం అందరి నోళ్లకూ కుట్లు!

ఏప్రిల్ 8

పోయి అడిగాను. ఊరుకోవడం నా వల్ల కాదు.

ముత్యం పెద్దబాపు గడప మీద కూర్చుని, మాస్కు మెడకు దించుకుని బీడీ కాలుస్తున్నాడు. లోపల ఆయన కోడలు హారతి వదినె చీర మీద రాళ్లు అతికిస్తోంది.

"ఏందే స్వరాజ్యం, గా రాసింది నువ్వే గదా? నర్సింగానికి గన్ని మాటలు రావు."

"నేనే. తప్పేమున్నది?"

"తప్పని నేనన్ననా? కూసో. చాయ్ తాగుతవా?"

కోపంగా పోయినవాళ్లకు చాయ్ ఇవ్వడం ఈయనకు పెద్ద విద్య. నిలబడే అడిగాను, గ్రూపు ఎందుకు మూశావని.

"చౌకీల రాత్రిదాంక కూసోబెట్టిండ్రు. 'గ్రూప్ కా మాలిక్ కౌన్' అన్నడు పోలీసోడు. మాలిక్ ఎవలు లేరు సాబ్, కులం గ్రూపు అన్న. 'తో కులం కో బులావ్' అన్నడు. కులాన్నంత యాడికెల్లి తోలుకపోవాలె? చెవులు పట్టుకోమన్నడు. అరవై ఏండ్లు దాటినయ్ నాకు. పట్టుకున్న."

"అందరం కలిసి పోయి అడగాలె! అడ్మిన్‌నొక్కన్నే పట్టుకునుడు ఏం న్యాయం అని—"

"నువ్వస్తవా?"

"వస్త."

"నీ ఎనుక ఎవలొస్తరు?"

లోపలి నుంచి హారతి వదినె, "పోండ్రి పోండ్రి, అందరు పెద్దమనుషులే అయితే ఇంట్ల అన్నమెవలు వండుతరు?" అంది. పెద్దబాపు దగ్గేంతగా నవ్వాడు. తర్వాత బీడీ ఆర్పి మెల్లగా అన్నాడు: "దెబ్బ ఎవని ఈపు మీద పడ్తదో మాట వానిదే బిడ్డా. దెబ్బ పంచుకునుడు తెలిసిన్నాడు మాట గూడ పంచుకుందురు తియ్యి."

చాయ్ తాగకుండానే వచ్చేశాను. ఆయన మీద చౌకీ, చౌకీ మీద సర్కారు. ఆ మూసే మీటను తయారుచేసి ఫోన్లో పెట్టింది ఎక్కడో సముద్రాల అవతలి కంపెనీ. అలాంటి మీట ఉండాలా వద్దా అని మమ్మల్ని ఒక్కడైనా అడిగాడా? పెద్దబాపు చెవులు పట్టుకున్నాడు సరే, ఆ మీట నొక్కేటప్పుడు వేలు ఒక్క క్షణం ఆగిందా?

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోవాలి. చందాలు వేసి సమాజం కొన్న ఆక్సిజన్ మిషన్ సంగతి చక్కగా నడిపిస్తున్నాడు. ఒక్కటే మిషన్. ఎవరి ఒంట్లో ఆక్సిజన్ అంకె తక్కువ ఉంటే వాళ్లింటికి ముందు. సొంత తమ్ముడికి కూడా ఆగమన్నాడట. ఎవరికి వెళ్తోందో, ఎప్పుడు ఖాళీ అవుతుందో గ్రూపులోనే చెప్తాడు.

ఏప్రిల్ 13, ఉగాది

పచ్చడి చప్పగా ఉందన్నాడు బాపు. పులుపూ లేదు, చేదూ లేదు అన్నాడు. ఈసారి సూరత్‌కు వచ్చిన మామిడికాయలు మంచివి కావు.

ఏప్రిల్ 14

బాపుకు ఒళ్లు వెచ్చగా ఉంది. సాంచాలు రేకుల షెడ్డులో ఉంటాయి, ఎండ దెబ్బ.

ఏప్రిల్ 16

మామిడికాయలు కావు. ఎండా కాదు.

అంబులెన్స్ సందులోకి రాలేదు. బాపును కుర్చీలో కూర్చోబెట్టి సందు మొగదాకా మోశారు. మమ్మల్ని ఎక్కనివ్వలేదు. "ఫోన్ పట్టుకపో బాపూ, మాట్లాడొచ్చు" అని నేనే ఆయన జేబులో పెట్టాను. అవ్వ తలుపు దగ్గర నిలబడి మొగుడికి చెయ్యి ఊపుతూనే ఉంది, బండి కనిపించకపోయాక కూడా.

ఏప్రిల్ 17

పొద్దున నా ఫోన్‌కు బాపు నుంచి దండం పెట్టే బొమ్మ ఒకటి వచ్చింది. మాటకు ఊపిరి చాలడం లేదట, నర్సు చెప్పింది. దండం వచ్చిందంటే ఉన్నాడు.

ఏప్రిల్ 18

మా ఇంటి నంబరు బాపుతో పాటు వార్డులోకి పోయింది. ఈ సంగతి ఇవాళ తెలిసింది నాకు. నేను పెద్ద తెలివిగలదాన్ని.

గ్రూపులో ఏమొస్తోందో మాకు తెలియదు. మంచాలు ఎక్కడున్నాయి, మిషన్ ఎవరింట్లో ఉంది, ఏదీ తెలియదు. పెద్దబాపుకు ఫోన్ చేశాను.

"నా నంబరు చేర్చు పెద్దబాపూ."

"మీ ఇంటి నంబరు ఉన్నది గదా."

"గది దవాఖాన్ల ఉన్నది!"

"అయితే నర్సింగం చూసుకుంటడు."

"ఆయన ముక్కుకు గొట్టం పెట్టిండ్రు!"

"ముక్కుకు పెట్టిండ్రు గని కండ్లకు పెట్టలే గదా." తర్వాత ఆయనకే ఎలాగో అనిపించినట్టుంది, గొంతు తగ్గించాడు. "ఇయ్యాల నిన్ను చేరుస్త. రేపు ప్రతి ఇంటికెల్లి నలుగురొస్తరు. అండ్ల ఒకడు ఏదన్న రాస్తడు. మల్ల చెవులు ఎవలు పట్టుకోవాలె? నీకేం గావాల్నన్న నాకు ఫోన్ జెయ్యి. నేను లేనా?"

ఫోన్ విసిరికొట్టాను. బట్టల మూట మీద పడింది.

నువ్వున్నావు. నువ్వు మంచివాడివే అనుకుందాం. నువ్వు లేని రోజు? మంచి మాలిక్ దొరకడం కోసం దేవుడికి మొక్కుకుంటూ బతకాలా జనం?

ఏప్రిల్ 20

అవ్వకు దగ్గు. చీరల దారాలు కత్తిరిస్తుంటే లేచే పోగుల దుమ్ము అది.

ఏప్రిల్ 21

దుమ్మే.

ఏప్రిల్ 22

పొద్దున హారతి వదినె ఫోన్. ముత్యం పెద్దబాపును దవాఖానలో చేర్చారు. ఆయన ఫోన్ తీసుకుపోలేదు. "గది సమాజం ఫోను, నాది గాదు" అని కోడలి చేతిలో పెట్టి పోయాడట.

"ఒక్క తీరుగ మోగుతున్నది స్వరాజ్యం. మంచమున్నదా, సూది మందున్నదా, మిషనున్నదా... నేనేం జెప్పాలె? నిన్ను గ్రూపుల చేర్చి అడ్మిన్ జేస్తున్న. ఇద్దరం జూద్దాం."

"పెద్దబాపు ఒప్పుకోడు గదా?"

"ఒసేయ్, గిన్ని దినాలు గ్రూపుల రాసింది ఎవలనుకున్నవ్? మామకు అక్షరం ముక్క రాదు. చిన్నప్పుడు సాంచె ఎక్కిన్నాడే బడి బంద్. ఆయన చెప్తడు, నేను రాస్త. ఆడోళ్ల నంబర్లు వద్దని రాసింది గూడ నేనే."

"నీకు సిగ్గనిపించలేదా వదినే?"

"పొయ్యి మీద పప్పు మాడుతుండె. జల్ది రాసి పోయిన."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆడవాళ్లు ఉండకూడని గ్రూపును మొదటి నుంచీ నడిపింది ఒక ఆడది, పప్పు కలుపుతూ!

నా ఫోన్ తెరిస్తే ఉంది: 'మీరు ఇప్పుడు అడ్మిన్.'

ఏప్రిల్ 23

తెరిచాను. మొదటి పని అదే. 'ఇకనుంచి అందరూ మాట్లాడవచ్చు' అని రాసి, నాకు తెలిసిన ఆడవాళ్ల నంబర్లన్నీ చేర్చాను.

"ఇగ సీరియల్ ముచ్చట్లు షురూ" అన్నాడొకడు.

"మీ బీడీ ముచ్చట్ల కంటె మంచిగనే ఉంటయి తియ్యి అన్నా" అని ఒక పెద్దమ్మ జవాబు. ఇద్దరు గ్రూపు వదిలిపోయారు. పోనీ!

కర్పూరం మూటలు, పసుపు పాలు, గులాబీలతో శుభోదయాలు, ఒకరిది దేవుడి పాట. చెత్తంతా వచ్చింది, నిజమే. కానీ ఆ చెత్త మధ్యలోనే ఒకావిడ, బడిలో పెట్టిన కరోనా సెంటర్‌లో మంచాలు ఖాళీ అయ్యాయని రాసింది. గంటలోపల మా సందు చివరి ముసలాయన అక్కడ చేరాడు. ఇదీ లెక్క! పెద్దబాపు ఒక్కడే వంద ఫోన్లు ఎత్తితే ఇది తెలిసేదా? ఆ పుస్తకంలో రాసింది అక్షరాలా నిజం. జనానికి వదిలెయ్యాలి. జనానికి తెలుసు.

నాకు ఇవాళ ఎంత ఆనందంగా ఉందంటే, బాపు దండం పొద్దున రాలేదని మధ్యాహ్నం దాకా గుర్తు రాలేదు. తర్వాత దండం వచ్చింది.

అవ్వ వేలికి ఆక్సీమీటర్ పెట్టి చూశాను. తొంభై ఒకటి. అది హారతి వదినె ఇచ్చింది, పాతది, తక్కువే చూపిస్తుంది.

ఏప్రిల్ 24

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున అవ్వ మాట్లాడుతుంటే మాట మధ్యలో తెగుతోంది. ఎనభై ఆరు. ఇంకో వేలికి పెట్టాను, అంతే. అన్ని దవాఖానలకూ ఫోన్ చేశాను. లేదు, లేదు, పేరు రాసుకుంటాం, లేదు. బడిలోని సెంటర్ కూడా నిన్న రాత్రికే నిండిపోయింది. అప్పుడే హారతి వదినె ఫోన్: మిషన్ తిరిగి వచ్చింది, ఇంట్లో ఉంది. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

అక్కడ గడప కింద రాజు నిలబడి ఉన్నాడు. వెనుక సందులో ఆరుగురు కార్మికుల గది ఉంది, అందులోవాడు. ఊళ్లో పెళ్లాం పిల్లల్ని వదిలి వచ్చినవాళ్లు, పెళ్లికానివాళ్లు. ఇక్కడ సంసారం లేదు గనుక వాళ్లది ఇల్లు కాదు; ఇల్లు కాదు గనుక గ్రూపులో లేరు. మిషన్‌కు చందా మాత్రం వేశారు. వాళ్ల గదిలో సోమలింగం అని ఒకతను బాపు పక్క సాంచాల మీద పనిచేస్తాడు. అతనికి ఊపిరి ఆడడం లేదు.

"ఎనభై రెండు ఉన్నదక్కా," అన్నాడు రాజు. "పొద్దుగాల కెమిస్టు చూసిండు."

హారతి వదినె నా వైపు చూసింది. "నువ్వు సదువుకున్నదానివి. నువ్వు జెప్పు."

నేను ఎనభై ఆరు అని చెప్పలేదు. అవ్వకు బాగాలేదు అని మాత్రం అన్నాను. తర్వాత అన్నాను, "గ్రూపుల అడుగుత రాజు. అందరు ఏమంటే అది."

"ఎంత సేపు అక్కా?"

"జరసేపే."

తల ఊపి పోయాడు. నన్ను నమ్మాడు. నేను కూడా ఆ క్షణాన నన్ను నమ్మాను.

టైప్ చేశాను కూడా. 'మిషన్ ఒకటి. రోగులు ఇద్దరు. ఒకరు నర్సింగం భార్య రాజమ్మ, ఒకరు సోమలింగం. అంకెలు ఇవి. మీరే చెప్పండి.' వేలు పంపే గుర్తు మీదే ఉంది. ఆలోపలే ఎవరో రాశారు: 'వెనుక గదిల సోమలింగానికి శ్వాస ఆడ్తలేదట. మిషన్ ఖాళీగ ఉన్నదా? ఎవలన్న చెప్పుండ్రి.' దాని కింద ఒకరు, 'పాపం, చిన్న వయసు, జల్ది ఇయ్యుండ్రి.' దాని కింద ఇంకొకరు ఏదో రాయబోతున్నారు.

మూసేశాను. ఆ మీట ఎక్కడుందో వెతకనక్కర్లేకపోయింది, నిన్న తెరిచింది నేనే కదా.

ఆ తర్వాత రాశాను: 'మిషన్ వాడకంలో ఉంది. ఎవరూ ఫోన్లు చేయవద్దు. ఇట్లు సమాజం.'

హారతి వదినె మిషన్‌ను గడప దాకా జరిపింది. మిషన్‌కు చక్రాలున్నాయి గానీ మా సందు రాళ్ల మీద నడవలేదు. ఇద్దరం చెరోవైపు పట్టి మోశాం.

అడిగినా ఇదే అనేవాళ్లు. సోమలింగం ఇల్లు కాదు కదా, వాళ్ల రూలే కదా అది. ఎలాగూ మాకే వచ్చేది. సమయం వృథా చేయలేదు, అంతే.

ఏప్రిల్ 25

అవ్వ తొంభై మూడు. గంజి తాగింది.

అడిగినా ఇదే అనేవాళ్లు.

సాయంత్రం

రాజు వచ్చాడు. తలుపు కొంచెమే తీశాను. లోపల మిషన్ గుర్రుగుర్రుమంటోంది. వాడికి వినిపించకుండా ఎలా ఉంటుంది?

"గ్రూపోళ్లు ఏమన్నరక్కా?"

"అవ్వకే ఇయ్యమన్నరు."

"అందరు అన్నరా?"

"అందరు."

"మంచిది." మాస్కు సర్దుకున్నాడు. పోలేదు. "ఒక్క ముచ్చట అడుగుత, కోపం జెయ్యకు. ఆరుగురం ఉంటం. ఒకటే పొయ్యి. పండుగొస్తే గడపకు పసుపు రాస్తం. కిరాయి కడ్తం, కరెంటు కడ్తం. మాది ఇల్లెందుకు గాదు?"

"నన్నడుగుతవేంది? గా రూల్ నేను పెట్టిన్నా?" అరిచాను. సందంతా వినపడేలా అరిచాను. "నేనే గద గా రూల్ మీద కొట్లాడింది!"

"ఔనక్కా, విన్న," అన్నాడు. నిజంగానే అన్నాడో, వెటకారమో నాకు అర్థం కాలేదు. "కిమ్ ఊరి కాడ ఒక దవాఖాన్ల మంచమున్నదంటున్నరు. ఆటో మాట్లాడినం. పోతున్నం."

తలుపు వేశాక అవ్వ అడిగింది, ఎవరు వచ్చారని. ఎవరూ కాదన్నాను.

ఆడవాళ్ల నంబర్లు చేర్చిన రోజు ఆ గది నాకు గుర్తే రాలేదు. ఇది ఇప్పుడు ఎందుకు రాస్తున్నానో తెలియదు.

ఏప్రిల్ 26

కిమ్‌లో మంచం దొరికే ఉంటుంది. అటు రద్దీ తక్కువ.

ఏప్రిల్ 27

బాపు ఫోన్ చేశాడు! మాట వచ్చింది! చిక్కిపోయిన గొంతు, మాటకూ మాటకూ మధ్య ఊపిరి, కానీ బాపు గొంతే. అవ్వ చెవి దగ్గర పెట్టాను. ఇద్దరూ "తిన్నవా, తిన్నవా" అనుకుంటూ ఏడ్చారు.

తర్వాత నన్ను ఇవ్వమన్నాడు.

"గ్రూపు తెరిచినవని సంబురపడ్డ బిడ్డా. వార్డుల అందరికి చెప్పిన, మా బిడ్డె జేసిందని. మల్లెందుకు బంద్ జేసినవ్?"

"పుకార్లు బాపూ."

"నేనేం జూడలే, పుకార్లు." ఊపిరి తీసుకున్నాడు. "సోమలింగం ఫోన్ ఎత్తుతలేడు. వానికి మిషన్ ఇచ్చిండ్రా?"

"వేరే వాళ్లింట్ల ఉండె బాపూ."

"ఎవలింట్ల?"

"సిగ్నల్ లేదు బాపూ, మాట తెగుతున్నది."

నేనే కట్ చేశాను.

ఆయన గ్రూపులో ఉన్నాడు. అన్నీ చదువుతాడు, ఒక్కో అక్షరం కూడబలుక్కుని. అడగాలనుకున్నాడు, అక్కడ అడగలేకపోయాడు. బాపు నోరు మూసింది ముత్యం పెద్దబాపు కాదు.

ఏప్రిల్ 29

సోమలింగం లేడు.

కిమ్ చేరకముందేనట. ఆ రోజేనట, ఇరవై ఐదునే. నేను 'రద్దీ తక్కువ' అని రాసుకునేటప్పటికే.

హారతి వదినె మిషన్ తీసుకుపోవడానికి వచ్చి చెప్పింది. గడప అవతలే నిలబడి చెప్పింది. నేను అదే మాట అన్నాను, గ్రూపులో అడిగినా మాకే ఇవ్వమనేవాళ్లు, అతను ఇంటి లెక్కలో లేడు కదా అని.

"గ్రూపు సంగతి నాకు తెల్వది," అంది. "మామ ఉంటే ఇల్లా గాదా అని అడుగకపోతుండె. అంకె ఎంత అని అడుగుతుండె. నీ అంకె ఎంత ఉండెనే ఆనాడు?"

మిషన్‌ను గడప దాకా తోశాను.

"నేను గూడ అడుగలే," అంది వదినె. "అడిగేదుండె." మిషన్ తీగ చుట్టుకుని పోయింది.

ఏప్రిల్ 30

అవ్వ బతికింది. అవ్వ బతికింది. అవ్వ బతికింది.

మే 1

ఆ పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదివాను. బల్ల గురించి ఉంది, కుర్చీల గురించి ఉంది. ప్రభుత్వం చేతికి ఇస్తే ఏమవుతుందో ఉంది, కంపెనీ చేతికి ఇస్తే ఏమవుతుందో ఉంది. నా చేతికి ఇస్తే ఏమవుతుందో లేదు. రాసినవాడికి నేనెవరో తెలియదు కదా, వాడిని అని ఏం లాభం.

ఒక్క మాట దగ్గర ఆగిపోయాను. 'మాట్లాడే హక్కు అంటే ముందు మనల్ని ప్రశ్నించే హక్కు ఎదుటివాడికి ఉండడం.' ఇంతకుముందు చదివినప్పుడు దాని కింద గీత గీసి పెట్టాను. ముత్యం పెద్దబాపును తలుచుకుంటూ గీసిన గీత అది.

ఎనభై ఆరు ఎనభై రెండు కంటే ఎక్కువ. ఇది రాయడానికి వారం పట్టింది. మళ్లీ ఆ పొద్దు వస్తే ఏం చేస్తాను? అవ్వ మాట తెగుతోంది, నా వేలు ఫోన్ మీద ఉంది. ఏం చేస్తానో నాకు తెలుసు. అందుకే భయంగా ఉంది. అందుకే ఆ మీట నా ఒక్కదాని దగ్గర ఉండకూడదు. దవాఖాన నుంచి తిరిగొచ్చాక పెద్దబాపు దగ్గరా ఉండకూడదు, ఆయన నాకంటే మంచివాడే అయినా.

మే 2

రాజు గదికి పోయాను. ఐదుగురూ ఉన్నారు. ఎవరూ లేవలేదు, ఎవరూ కూర్చోమనలేదు. నంబరు ఇవ్వమన్నాను, గ్రూపులో చేరుస్తానన్నాను.

"ఇప్పుడా?" అన్నాడు రాజు.

"ఇప్పుడే."

"మా అందరియి బటన్ల ఫోన్లు. పెద్ద ఫోన్ సోమలింగందొక్కటే ఉండె. ఇంటికి పంపాలె దాన్ని, వాళ్లవ్వకు." గూట్లోంచి ఆ ఫోన్ తీశాడు. "పంపేదాక నడుస్తది. రాసుకో."

చెప్దామని పోయాను. చెప్పలేక వచ్చాను. నంబరు రాసుకుని వచ్చాను.

మే 3, సోమవారం

పొద్దున ఆ నంబరు చేర్చాను. తర్వాత గ్రూపు తెరిచాను. ఎవరూ ఏమీ రాయలేదు. ఇన్ని రోజులు మూసి ఉంటే, తెరిచినా తలుపు తోసి చూసేవాళ్లు ఉండరేమో అనుకున్నాను. అవ్వకు జావ కాచి ఇచ్చాను. గోడకు ఆనుకుని కూర్చుని తానే తాగుతోంది, గిన్నె పట్టుకునే బలం వచ్చింది.

అప్పుడు సోమలింగం పేరు మీంచి వచ్చింది. రాజే రాశాడు, హిందీ అక్షరాల్లో తెలుగు: 'ఆనాడు మిషన్ ఎవలింట్ల ఉండె? గా ఇంటికి ఇయ్యాల్నని ఎవలన్నరు? మాకు అందరన్నరని చెప్పిండ్రు. ఎవలెవలన్నరో చెప్పుండ్రి.'

ఒక్కరూ జవాబు ఇవ్వలేదు. ఎవరూ అనలేదు కదా, ఏమని ఇస్తారు? ఏదో రాయబోతున్నవాళ్ల పేర్లు మాత్రం పైన వెలిగి ఆరిపోతున్నాయి. అందులో బాపు ఉన్నాడు.

నేను పొడుగ్గా రాయడం మొదలుపెట్టాను. అవ్వ పరిస్థితి, దవాఖానల ఫోన్లు, మాట తెగడం, అంతా. తర్వాత అదంతా కొట్టేసి ఇంతే రాశాను:

'ఆ రోజు మిషన్ మా ఇంట్లోనే ఉంది. మా అవ్వది ఎనభై ఆరు. సోమలింగానిది ఎనభై రెండు. ఎవరినీ అడగలేదు. అడగకుండా ఉండడానికే గ్రూపు మూశాను. స్వరాజ్యం.'

పంపాను.

అవ్వ జావ ఊదుకుంటోంది. తర్వాత ఒకటి. తర్వాత రెండు కలిసి. తర్వాత ఆగలేదు. ఫోన్ చేతిలో పురుగులా కదులుతోంది. నా పేరు కనిపిస్తోంది, బాపు పేరు కనిపిస్తోంది, 'అవ్వ' అన్న మాట కనిపిస్తోంది. బూతు కూడా ఉంది. బొటనవేలు దానంతట అదే ఆ మీట దాకా పోయింది. ఒక్కసారి నొక్కితే అన్నీ ఆగిపోతాయి. ఎంత సుఖంగా ఉంటుందో నాకు తెలుసు, ఒకసారి చూశాను.

గ్రూపులో ఉన్న వాళ్లందరినీ ఒకరి తర్వాత ఒకరిని అడ్మిన్లు చేయడం మొదలుపెట్టాను. మొదట సోమలింగం నంబరు. తర్వాత మా బాపు. తర్వాత వరసగా. ఇక నేను మూసినా ఎవరో ఒకరు తెరుస్తారు. నన్నే తీసి అవతల పడేసినా పడేస్తారు. తీసేసేదాకా చదువుతాను.

"ఏందే, ఫోను గట్ల మొత్తుకుంటున్నది?" అంది అవ్వ.

"అందరు మాట్లాడుతున్నరవ్వా."

"బాపు గురించా?"

"కాదు. మన గురించి."

జావ గిన్నె కింద పెట్టి, కొంగుతో మూతి తుడుచుకుంది. మిషన్ సంగతి అవ్వకు ఇంకా తెలియదు. సమాజం పంపిందనే అనుకుంటోంది. రోజూ పొద్దున లేవగానే ఆ పంపినవాళ్లు చల్లగుండాలని మొక్కుతోంది.

"ఏమంటున్నరు? సదువు, నేను గూడ వింట."

ఆమె పక్కన కూర్చుని, తెర పైకి జరిపి, మొదటి దాని నుంచి, రాజు ప్రశ్న నుంచి చదవడం మొదలుపెట్టాను.